పొద్దటి నాలుగు అన్నది

డయాలసిస్ వార్డులో కొత్తగా డ్యూటీలో చేరిన నర్సు పిల్లలు ఎక్కడైనా కనబడితే నన్ను ఒకటే మాట అడుగుతారు. ఇన్నేండ్లు ఆ మిషన్ల నడుమ ఎట్ల చేసినవు మేడమ్, యాష్టకు రాలేదా, విసుగు పుట్టలేదా అని. ఎందుకు రాలేదు, బాగానే వచ్చింది. కానీ ఇప్పుడు ఆ వార్డు గుర్తొస్తే నాకు మిషన్లు గుర్తుకు రావు, గోడ మీది పాత టీవీ గుర్తొస్తుంది. ఇప్పుడు మా ఇంట్లో దానికి రెట్టింపు టీవీ ఉంది. రిటైరైన మనిషిని, సినిమా పేర్లు పడ్డ కాడి నుంచి శుభం దాకా కూర్చుని చూడొచ్చు. చూస్తాను కూడా. చూసి లేచి, దీనికి వాళ్ళిద్దరూ ఏమనేవాళ్ళో అనుకుంటూ బియ్యం కడుగుతాను. ఇద్దరూ ఇప్పుడు లేరు. అడుగుదామంటే ఎవరూ లేరు.

వాళ్ళిద్దరి సంగతే చెప్తాను, వినండి. సూది ఎట్లా గుచ్చాలో మీకు నాకంటే బాగా నేర్పారు, అది చెప్పను.

మాది నల్లగొండ దిక్కు ఒక సర్కారు దవాఖాన. తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు అక్కడ మిషన్లు పెట్టారు. అంతకుముందు కిడ్నీలు చెడిపోయినవాళ్ళు హైదరాబాద్ పోయి వచ్చేవాళ్ళు, పోయే తాహతు లేనివాళ్ళు ఇంట్లోనే ఉండేవాళ్ళు. నేను అప్పటిదాకా మక్తల్ దిక్కు కాన్పుల వార్డులో చేసిన మనిషిని. కాన్పుల వార్డులో మనిషి ఒకసారి వచ్చి, నన్ను నాలుగు తిట్టి, పిల్లను ఎత్తుకుని పోతుంది. ఇక్కడ అట్లా కాదు. వారానికి మూడుసార్లు అదే మనిషి, అదే మంచం, చేతికి రెండు సూదులు పెట్టించుకుని నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. బతికినన్నాళ్ళూ రావాలి. రావడం మానేస్తే బతకడం మానేసినట్టే. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుంటే తక్కిన కథంతా మీకు అర్థమవుతుంది.

పొద్దున ఒక జట్టు, మధ్యాహ్నం ఒక జట్టు. రెండింటి నడుమ మేము మిషన్లు కడిగి, దుప్పట్లు మార్చేవాళ్ళం. టీవీలో పొద్దున మొదలైన సినిమా, మధ్యలో ప్రకటనలు అరిగించుకుని, సరిగ్గా మేము కడిగే వేళకు సగానికి వచ్చేది. పొద్దటి జట్టు మొదటి సగం చూసి బస్సుకు ఉరికేది. పగటి జట్టు రెండో సగం నుంచి చూసేది. అందరూ సగం సినిమా మనుషులే. మేమైతే అదీ లేదు, ఒక చెవి టీవీ మీద, ఒక చెవి మిషన్ కూత మీద.

ఇంకొక అలవాటు ఉండేది మాకు. మనుషులను పేరు పెట్టి పిలిచేవాళ్ళం కాదు, బెడ్ నంబరే. నాలుగుకు బీపీ చూడు, ఏడు వాంతి చేసుకున్నది, ఇట్లా. తప్పే. మీరూ అదే చేస్తున్నారని నాకు తెలుసు, కాబట్టి మొహాలు చిట్లించకండి. నాలుగో బెడ్ మీద పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు. అందుకని పొద్దటి నాలుగు, పగటి నాలుగు.

పొద్దటి నాలుగు రామన్నపేట దిక్కు నుంచి వచ్చే టైలర్ సాబ్. జెంట్స్ టైలర్. మధ్యాహ్నం దుకాణం తెరవాలి కాబట్టి పొద్దటి షిఫ్టు అడిగి తీసుకున్నాడు. సన్నటి మనిషి, తెల్లటి గడ్డం, ఇస్త్రీ చెదరని అంగీ. సూదులు పెట్టేటప్పుడు అందరూ మొహం తిప్పుకుంటే ఆయన మాత్రం దగ్గరగా చూసేవాడు. నీ కుట్టు సీదా పడ్డది సిస్టర్ అని మెచ్చుకునేవాడు. నా సర్వీసులో నాకు దొరికిన సర్టిఫికెట్లలో అదొకటి.

ఆయన సినిమా చూసేది కథ కోసం కాదు, బట్టల కోసం. పేద కుర్రాడు ఉద్యోగం కోసం ఎండలో తిరుగుతున్నాడని టీవీలో ఏడుపు పాట వస్తుంటే, ఈయన, "గరీబోని అంగికి గంత ఇస్త్రీ ఎవడు జేసిండు సిస్టర్?" అనేవాడు. ఫైటింగులో హీరో అంగీ చినిగితే, అంగీ ఎప్పుడూ భుజం కుట్టు దగ్గర అంత నీటుగా చినగదని, చంక కింద చినుగుతుందని, డైరెక్టరు ఒక్కసారి కూడా కొట్లాటకు పోలేదని తేల్చేవాడు. పాత నలుపు తెలుపు సినిమాలంటే ప్రాణం. వాటిలో బట్ట బట్టలాగా కదులుతుందట. సినిమాల్లో టైలర్‌ను ఎప్పుడూ నవ్వించడానికే పెడతారని మటుకు ఆయనకు చచ్చేంత కోపం.

పగటి నాలుగు ఒక పల్లెటూరి ఆడమనిషి. యాభై దాటి ఉండదు. కూలికి పోయి పోయి, కొడుకు కష్టంతో కలిపి కొంత చెలక భూమి కొనుక్కున్న ఇల్లు. బర్రె పాలు పిండి, డెయిరీలో పోసి వచ్చేసరికి పొద్దటి బస్సు పోయేది, అందుకని మధ్యాహ్నం. చీర మీద మగవాళ్ళ అంగీ వేసుకుని వచ్చేది. పత్తి ఏరను పోయే ఆడవాళ్ళు వేసుకుంటారు చూడండి, అట్లా. చేనులో ఆ అంగీ అందరూ వేసుకుంటారు, దవాఖానకు ఎవరూ వేసుకురారు. ఆమె ఎందుకు వేసుకునేదంటే, సూదులు పెట్టడానికి ఆపరేషన్ చేసిన చెయ్యి ఉబ్బి, నరాలు తాళ్ళలాగా లేచి, ఏ రవిక చెయ్యీ పట్టేది కాదు. ఉన్న మంచి రవికలన్నీ ఒక పక్క కత్తిరించుకున్నది. కత్తిరించాక వాటిని తొడగబుద్ధి కాలేదు.

మొదట్లో ఆమె సరిగ్గా వచ్చేది కాదు. ఒకసారి వస్తే ఒకసారి ఎగ్గొట్టేది. వచ్చినా గోడ దిక్కు తిరిగి పడుకునేది. నేను కసిరాను, డాక్టర్ గారు భయపెట్టారు, కొడుకు బతిమాలాడు. ఆమె ఒకటే అనేది, ఇన్నొద్దులు బతికి ఏం జేయాలె అని. దానికి మా దగ్గర మందు ఉండదు.

ఒకరోజు మాత్రం తల ఇటు తిప్పింది. టీవీలో పెద్ద బంగళా, అత్త, ముగ్గురు కోడళ్ళు, అందరూ పట్టుచీరలు. చాలాసేపు చూసి, "గీ ఇంట్ల బోళ్లు ఎవరు తోముతరు సిస్టరమ్మ?" అని అడిగింది. నేను నవ్వాను. మర్నాడు కాక ఎల్లుండి టైలర్ సాబ్ వచ్చినప్పుడు ఆయనకు చెప్పాను, పగటి నాలుగు ఇట్లా అన్నది అని. ఆయన ముందు అడిగింది, ఆడామెనా మగాయననా అని. టైలర్ కదా, ఎవరి సంగతి వచ్చినా మొదట అదే తెలియాలి. ఆడామె అని చెప్పాను. సాబ్ కొంచెం ఆలోచించి, బోళ్లు తోమే మనిషి ఉన్నదని, తలుపు చాటున నిలబడ్డ ఆమె చీర కొంగు తడిగా ఉన్నదని, తాను చూశానని, ఆ మాట ఆమెకు చెప్పమని అన్నాడు.

చెప్పాను. పగటి నాలుగు మంచం మీద లేచి కూర్చోబోయింది. చూసిందా, కొంగు తడి చూసిందా అని రెండుసార్లు అడిగింది. ఆ రోజు నుంచి నా ఉద్యోగంలో ఇంకో ఉద్యోగం చేరింది.

ఎట్లాగంటే, పొద్దున సాబ్ మొదటి సగం చూసి కథా, తన అభిప్రాయమూ నాకు చెప్పేవాడు. దూది అదిమి పట్టుకుని నెత్తురు ఆగేదాకా కూర్చోవాలి కదా, ఆ కాసేపట్లో చెప్పేవాడు. నేను మధ్యాహ్నం సూదులు పెడుతూ ఆమెకు చెప్పేదాన్ని. ఆమె రెండో సగం చూసి తన తీర్పు చెప్పేది. అది మళ్ళీ ఆయనకు. ఆమె ఎగ్గొడితే సాబ్‌కు సినిమా ఆఖరు తెలియదు. ఆ మాట ఆమెకు గట్టిగా చెప్పాను. పొద్దటి నాలుగు నీ కోసం ఎదురుచూస్తున్నది, నువ్వు రాకపోతే ఆఖరు ఎట్లా తెలుస్తది అన్నాను. ఎగ్గొట్టడం మానేసింది. ఇన్నొద్దులు బతికి ఏం చేయాలి అన్న మనిషి, ఆ వారం సినిమా ఏమిటి అని అడగడం మొదలుపెట్టింది.

వాళ్ళ తగాదాలు చెప్తే మీకు నవ్వొస్తుంది. ఒక సీరియల్‌లో పెద్దకోడలు పాలల్లో విషం కలుపుతుంది. ఆ ఒక్క ఎపిసోడ్ మీద వారాలు వారాలు నడిచింది. అంత నీటుగా కుచ్చిళ్ళు పెట్టుకున్న మనిషి అట్లాంటి పని చేయదని సాబ్. అంత తీరికగా కుచ్చిళ్ళు పెట్టుకునేవాళ్ళే చేస్తారని, పని ఉన్నవాళ్ళకు విషం కలిపే టైం ఎక్కడిదని ఆమె. నేను రెండు పక్కలా మోసేదాన్ని. మా టెక్నీషియన్‌కు క్రికెట్ పిచ్చి. నాలుగో బెడ్ కోసం వార్డంతా సీరియల్ చూడాలా అని గొణిగేవాడు. రిమోట్ నా జేబులో పెట్టుకునేదాన్ని.

ఆమెకు ఇంకో కొలత ఉండేది. సినిమాలో మన తెలంగాణ మాట ఎవరు మాట్లాడతారు అని చూసేది. పాత సినిమాల్లో అయితే మన మాట రౌడీది, లేదంటే నౌకరుది. ఈ మధ్య వచ్చినవాటిలో హీరోయినే మన మాట మాట్లాడుతుంటే ఆమె కన్ను ఆర్పకుండా చూసింది. అంతా అయ్యాక నన్ను పిలిచి, మంచిగనే ఉన్నది గానీ ఆ పిల్ల మనోళ్ళ పిల్ల కాదు, నేర్చుకున్నది అన్నది. ఎట్లా తెలుసు అంటే, "జర అనే ముందు జర ఆగింది సిస్టరమ్మ. మనం ఆగుతమా?" అన్నది. సాబ్‌కు చెబితే ఎంత నవ్వాడంటే, మిషన్ కూత పెట్టింది.

ఇక తప్పు సంగతికి వస్తాను. అది నా తప్పు అనాలో మన భాష తప్పు అనాలో ఇప్పటికీ తెలియదు. నేను రోజూ ఆమెతో అన్నది ఏమిటి? పొద్దటి నాలుగు ఇట్ల అన్నది, పొద్దటి నాలుగు నవ్వింది, పొద్దటి నాలుగు నిన్ను అడిగింది. నంబరు కదా, నంబరును అన్నది అనే అంటాము. ఆడమనిషినీ అన్నది అనే అంటాము. ఒకరోజు ఆమె, "అక్కకు పిల్లలెంతమంది?" అని అడిగింది. ఏ అక్క అన్నాను. పొద్దటి నాలుగు అక్క అన్నది.

నోరు తెరిచాను, మళ్ళీ మూసుకున్నాను. ఎందుకంటే ఆ వెంటనే ఆమె చెప్పిన మాట అట్లాంటిది. తనకు తోడబుట్టినవాళ్ళు లేరట. అక్కో చెల్లో ఉంటే ఎట్లుంటదో ఎన్నడూ తెలియదట, ఇప్పుడు తెలుస్తున్నదట. రవికలు కత్తిరించుకున్న ముచ్చట, అద్దం ముందు నిలబడబుద్ధి కావడం లేదన్న ముచ్చట, కోడలికి కూడా చెప్పనివి, అక్కకు చెప్పమని నాతో పంపింది. అట్లాంటి మనిషికి, అక్క కాదు గడ్డపాయన అని ఎట్లా చెప్పను? చెబితే మళ్ళీ గోడ దిక్కు తిరిగి పడుకుంటుంది. అసలు రాకనే పోవచ్చు.

బతుకమ్మ పండుగ వచ్చింది. ఆమె ఒక రవిక గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టింది. గుమ్మడిపువ్వు రంగు. బొట్టు పెట్టి అక్కకు ఇయ్యి అన్నది. నేను బొట్టు పెట్టే ఇంటిదాన్ని కాదు, ఆదివారం చర్చికి పోయే మనిషిని. తీసుకునేది శుక్రవారం మసీదుకు పోయే మనిషి. అయినా తీసుకున్నాను.

తర్వాతి వంతు పొద్దున సాబ్ ఆ గుడ్డను వేళ్ళ నడుమ రుద్ది చూసి, మంచి గుడ్డ, నాపు ఏది అన్నాడు. కొలతలు అడుగుతున్నాడన్నమాట. ఆమె దానిని కుట్టమని పంపిందని ఆయన అనుకున్నాడు. ఇక దాచి లాభం లేదని అంతా చెప్పాను. నువ్వు ఆడామెవని అనుకుంటున్నది, అక్కవని అనుకుంటున్నది, ఇది నీకు పండుగకు పెట్టిన రవిక గుడ్డ అని. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గుడ్డను మడత మీద మడత పెట్టాడు. రవికల ముచ్చట మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాడు. తన చెయ్యి చూసుకున్నాడు. ఆయన చెయ్యీ అట్లాగే ఉబ్బి ఉండేది, అంగీ చేతులు అన్నీ వదులుగా కుట్టుకునేవాడు.

"అక్కనే ఉండనియ్యి సిస్టర్," అన్నాడు. "వస్తున్నది గదా. నాపు తీస్కరా, కుట్టి ఇస్త."

ఆమె కొలతలు తేవడానికి నేను పడ్డ పాట్లు చెప్పకూడదు. చేతి వాపు కొలవాలన్నారు, ఛాతీ కొలవాలన్నారు అని అబద్ధాలాడి, కట్టు గుడ్డతో కొలిచి, ముడులు వేసి తీసుకుపోయాను. ఆమె నన్ను అనుమానంగా చూసింది. నలుగురు డాక్టర్ల కింద పనిచేసినప్పుడు కూడా నేనట్లా వణకలేదు.

సాబ్ జెంట్స్ టైలర్, జన్మలో రవిక కుట్టి ఎరగడు. అయినా కుట్టాడు. ఎడమ చెయ్యి భుజం నుంచి కిందిదాకా తెరుచుకునేటట్టు, చిన్న చిన్న గుండీలు పెట్టాడు. గుండీలు పెట్టుకుంటే మామూలు రవిక, ఎక్కడా కత్తెర పడ్డట్టు ఉండదు. విప్పితే చెయ్యంతా సూదికి అందుతుంది. ఉబ్బిన నరాల మీద కుట్టు ఒరుసుకోకుండా లోపల మెత్తటి పట్టీ వేశాడు. నేను ఎంతో మందికి సూదులు గుచ్చాను గానీ, వాళ్ళకు ఇట్లాంటిది ఒకటి కావాలని నాకు ఎన్నడూ తట్టలేదు.

సాబ్ రవిక తెచ్చిన రోజు మధ్యాహ్నమే ఆమెకు ఇచ్చాను. అక్క కుట్టింది అన్నాను. ఆమె మొదట రవిక చెయ్యి తెరిచి చూసింది, మూసి చూసింది, మళ్ళీ తెరిచింది. కళ్ళు తడి అయినయి. గీ అక్కకు నా చెయ్యి గింత ఎరికనా అన్నది. అప్పుడు రవిక ముందు వైపు గుండీల మీద చెయ్యి వేసింది. ఆగింది. ఆ వేళ్ళు ఎన్నో ఏండ్లు పత్తి చేనుకు పోను పొద్దు పొడవకముందే మొగుని అంగీకి గుండీలు పెట్టుకున్న వేళ్ళు. రవికకు హుక్కులుంటాయి, దీనికి గుండీలున్నాయి. రవికకు కుడి పట్టీ మీదికి వస్తుంది, దీనికి ఎడమ పట్టీ మీదికి వచ్చింది, మగవాళ్ళ అంగీలాగా. సాబ్ చెయ్యి అలవాటున అట్లా పోయింది.

"నిజం జెప్పు సిస్టరమ్మ," అన్నది నా మొహంలోకి చూసి. "గిది అంగీలు కుట్టేటోళ్ళ చెయ్యి. పొద్దటి నాలుగు మొగాయననా?"

అవునన్నాను.

"మరి అన్నది, అన్నది అంటివి?"

నాలుగు అన్నది అన్నాను, నంబరు అన్నది అన్నాను. నాకే ఎంత పేలవంగా వినబడిందో. ఆమె రవికను పక్కన పెట్టి గోడ దిక్కు తిరిగింది. టీవీలో విడిపోయిన అన్నదమ్ముల సినిమా, ఆఖరు ఘట్టం నడుస్తున్నది. చూడలేదు.

తర్వాతి సారి రాలేదు. ఆ పై సారీ రాలేదు. నేను ఫోన్ చేస్తే కోడలు ఎత్తింది. రానంటాంది, తిండి గూడ సరిగ తింటలేదు, కాళ్ళు ఉబ్బినయి అన్నది. రెండుసార్లు తప్పితే ఏమవుతుందో నాకు తెలుసు, మీకూ తెలుసు. ఇంకొకసారి తప్పితే వచ్చేది మంచం మీద కాదు, అంబులెన్సులో. డాక్టర్ గారు కొడుకుతో మాట్లాడారు. కొడుకు ఏడ్చాడు. ఆమె లేవలేదు.

తర్వాతి వంతు పొద్దున సాబ్ మంచం మీద పడుకోగానే అలవాటుగా, పగటి నాలుగు ఏమన్నది అని అడిగాడు. అప్పటిదాకా ఏదో ఒకటి చెప్పి దాటేశాను, ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన సూదులు లేని చెయ్యి చాపి, ఫోన్ ఇయ్యి సిస్టర్ అన్నాడు. నేను కలిపి, స్పీకర్ పెట్టి, ఆయన చెవి దగ్గర పట్టుకున్నాను. కోడలు ఆమె దగ్గరికి తీసుకుపోయింది.

"అమ్మా, పొద్దటి నాలుగును మాట్లాడుతున్న," అన్నాడు సాబ్. "మొన్నటి సినిమాల ఆఖరుకు అన్నదమ్ములు కల్సిండ్రా లేదా?"

అటు పక్క బర్రె అరిచింది.

"నేను చూడలే," అన్నది ఆమె.

"ఎందుకు చూడలే?"

"కోపమొచ్చింది."

"కోపం నా మీద అయితే సినిమా ఏం జేసిందమ్మా?" అన్నాడు. సాబ్ గొంతు తగ్గించాడు. "గుండీ పట్టీ తప్పయింది, నాకు ఎరికైంది. ఈ ఉమరంతా, బతుకంతా అంగీలే కుట్టిన, చెయ్యి గట్లనే పోయింది. రేపు తీస్కరా. మార్చి ఇస్త."

తీస్కరా అన్నాడు, పంపు అనలేదు. ఆ తేడా నాకు ఆ రాత్రి ఇంటికి పోయినంక తట్టింది.

ఆమె మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. ఆ రోజు ఇద్దరిదీ వంతు కాదు, ఆమెకు డాక్టర్ గారు ప్రత్యేకంగా బెడ్ ఇప్పించారు. సాబ్ దుకాణం మూసి వచ్చి కారిడార్లో బెంచీ మీద కూర్చున్నాడు, కత్తెర, దారం సంచిలో పెట్టుకుని. ఆమె మొహమంతా ఉబ్బి ఉంది, కొడుకు పట్టుకుని నడిపిస్తున్నాడు. మీద మగ అంగీ లేదు. గుమ్మడిపువ్వు రంగు రవిక తొడుక్కున్నది, గుండీలు మగవాళ్ళ వైపే పెట్టుకున్నది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఇన్నాళ్ళూ ఇదే కారిడార్లో ఒకరినొకరు దాటుకుంటూ పోయినవాళ్ళే, చూసుకున్న గుర్తు ఇద్దరికీ ఉంది. సాబ్ ఆమె మొహం చూడలేదు, భుజం కుట్టు చూశాడు. ఈడ జర లూజైంది, విప్పి ఇస్తే మారుస్త అని నాకు చెప్పాడు. మార్చుడు వద్దని చెప్పు సిస్టరమ్మ అని ఆమె నాకు చెప్పింది. ఇద్దరి నడుమ రెండడుగుల జాగా లేదు, మధ్యలో నేను. వారాల తరబడి విషం పాల మీద కొట్లాడుకున్నవాళ్ళు ఎదురుపడితే నా మొహమే చూశారు. అన్న టీ తాగిండా అడుగు అన్నది. ఇద్దరికీ నీళ్ళే లెక్కగా తాగమని చెప్పిన వార్డు అది. ముగ్గురం నవ్వాం.

ఆ తర్వాత కూడా వాళ్ళు నా ద్వారానే మాట్లాడుకున్నారు. షిఫ్టులు కలపనా అని నేను ఒకసారి అడిగాను. ఇద్దరూ వద్దన్నారు. కలిస్తే రెండో సగం ఎవరు చూస్తారు అన్నాడు సాబ్. ఆమె మాత్రం అప్పటి నుంచి, అన్న ఏమన్నడు అని అడగడం మొదలుపెట్టింది. ఒక్క షిఫ్టూ ఎగ్గొట్టలేదు. నా నోట మళ్ళీ అన్నది అని వస్తే, అన్నడు అను అని దిద్దేది. అవి నా సర్వీసులో మంచి రోజులు. అప్పుడు తెలియదు.

తర్వాతి వానాకాలం ఒక పొద్దున నాలుగో బెడ్ ఖాళీగా ఉంది. సాబ్ కొడుకు ఫోన్ చేశాడు, నిద్రలోనే పోయాడని. నేను బెడ్ మీద దుప్పటి సర్దాను, ఎవరూ పడుకోని దుప్పటిని. మధ్యాహ్నం ఆమె వచ్చి నా మొహం చూసింది. అన్న పోయాడని చెప్పాను, వెళ్ళి పడుకుంది. ఆ రోజు టీవీ పెట్టమనలేదు. పోతూ పోతూ వెనక్కి చూడలేదు. ఇక రాదు అనుకున్నాను. అంత గట్టిగా అనుకున్నాను కాబట్టి, ఏం చెప్పి రప్పించాలా అని రెండు రాత్రులు ఆలోచించాను. నా దగ్గర ఏమీ లేదు. ముందటి సగం చెప్పే మనిషే లేడు.

వంతు రోజు పొద్దున్నే వార్డు తాళం తీద్దామని పోయేసరికి బెంచీ మీద ఆమె కూర్చుని ఉంది. గుమ్మడిపువ్వు రంగు రవిక. నీది మధ్యాహ్నం కదా చెల్లె, బర్రె సంగతేంది అన్నాను. కోడలు పిండుతుందట, ఎన్నాళ్ళకు నేర్చుకుంటుంది అన్నది. తనను పొద్దటి షిఫ్టుకు మార్చమన్నది, నాలుగో బెడ్డే కావాలన్నది. పగటాల తన జాగాలో ఎవరొస్తారని అడిగింది. ఒక లారీ డ్రైవర్‌ను వేద్దామని, మొన్న వేరే బెడ్ మీదికి ఒక్కసారి వచ్చి, నన్ను నానా మాటలు అని, ఇట్లా బతికేకంటే చచ్చేది నయమని గోడ దిక్కు తిరిగి పడుకున్నాడని, ఇయ్యాల వస్తాడో రాడో తెలియదని చెప్పాను. ఆమె తల ఊపింది. టీవీ పెట్టు అన్నది.

సినిమా మొదలైంది. మా కడిగే వేళకు ఎప్పటిలాగే సగానికి వచ్చింది. సూదులు తీశాను. ఆమె దూది అదిమి పట్టుకుని కూర్చుని, ముందటి సగమంతా చెప్పింది, ఎవరు ఎవరిని మోసం చేశారు, ఆ ఇంట్లో బోళ్లు ఎవరు తోమారు, హీరో అంగీ ఎక్కడ చినిగింది. చంక కింద చినిగింది, ఈ డైరెక్టరు కొట్లాటకు పోయినోడే, అన్న ఉంటే ఒప్పుకునేటోడు అన్నది. తర్వాత రవిక చెయ్యి గుండీలు ఒక్కొక్కటి పెట్టుకుంది. లేచి సంచి చేతిలోకి తీసుకుని నా దిక్కు తిరిగింది.

"ఆ డ్రైవర్ అన్నకు ఫోన్ జేసి ఇదంతా జెప్పు సిస్టరమ్మ. ఆఖరుకు ఏమైందో చూసి నాకు జెప్పమను. పొద్దటి నాలుగు అన్నది అని జెప్పు. ఇగ తప్పు లేదు."